కేజీ బేసిన్ అడుగున గ్యాస్ హైడ్రేట్‌ని సైస్మిక్ డేటాలో పట్టుకోవడం ఎలా?

కాకినాడ, మచిలీపట్నం తీరాలకి అవతల, నీళ్ల లోతు కిలోమీటరు దాటే చోట, అడుగున అంతా కృష్ణా గోదావరులు మోసుకొచ్చి పోసిన బంకమట్టి. ఆ మట్టిలో కొన్నిచోట్ల మీథేన్, నీళ్లు కలిసి గడ్డకట్టి ఉంటాయి. చూడ్డానికి వడగల్లులా ఉంటుంది, అగ్గిపుల్ల చూపిస్తే కర్పూరంలా అంటుకుంటుంది. ఒక ఘనపు మీటరు గడ్డ విడిపోతే దాదాపు 164 ఘనపు మీటర్ల గ్యాస్ బయటికొస్తుంది. ఇదే గ్యాస్ హైడ్రేట్.

2006లో నేషనల్ గ్యాస్ హైడ్రేట్ ప్రోగ్రామ్ కింద జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ వచ్చి ఇక్కడ డ్రిల్ చేసింది. 10వ నంబరు సైట్‌లో, సుమారు 1040 మీటర్ల నీళ్ల కింద, దగ్గర దగ్గర 130 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న మట్టి తగిలింది. సరే, అంత నీళ్ల కింద, అంత మట్టి కింద ఏముందో ఓడని పంపకముందే ఎలా ఊహించారు? సైస్మిక్ డేటాతో, అంటే పై నుంచి ధ్వని తరంగాలు పంపి, కింది పొరల నుంచి తిరిగొచ్చినవాటిని రికార్డు చేసి. ఆ పని మొదటినుంచి చివరిదాకా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ పిల్లల్ని, కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది, కాబట్టి తరంగాలు ఎలా వెనక్కి తిరిగొస్తాయో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ఒక్క మాట ముందే. చాలామంది బీఎస్‌ఆర్ కనపడగానే "హైడ్రేట్ దొరికింది" అని సంబరపడిపోతారు. బీఎస్‌ఆర్ అంటే బాటమ్ సిమ్యులేటింగ్ రిఫ్లెక్టర్, సముద్రపు అడుగు వంపుల్నే అనుసరిస్తూ కింద కనిపించే గీత. అది ప్రధానంగా చెప్పేది తన కింద కాస్త గ్యాస్ చిక్కుకుని ఉందని. పైన హైడ్రేట్ ఎంతుందో, అసలు లెక్కపెట్టదగ్గంత ఉందో లేదో అది చెప్పదు. వంటింటి పొగ గొట్టం చూసి పొయ్యి వెలిగిందని చెప్పొచ్చు గానీ లోపల ఏం వండారో, ఎంతమందికి వండారో చెప్పలేం కదా.

మెట్టు 1: సెక్షన్ తెరిచే ముందు లోతు, చలి చూసుకోండి

హైడ్రేట్ నిలవాలంటే పీడనం ఎక్కువ ఉండాలి, వేడి తక్కువ ఉండాలి. బంగాళాఖాతంలో పై నీళ్లు వెచ్చన, కిందికెళ్లేకొద్దీ చల్లన. మోటుగా చెప్పాలంటే ఇక్కడ 700 మీటర్లకంటే తక్కువ లోతు నీళ్లలో వెతకడం దండగ. ఇంకోపక్క, సీబెడ్ (సముద్రపు అడుగు) నుంచి మట్టిలోకి దిగేకొద్దీ భూమి వేడి పెరుగుతుంది, కాబట్టి ఒక లోతు తర్వాత హైడ్రేట్ నిలవదు, గ్యాసుగానే ఉండిపోతుంది. ఆ హద్దు దగ్గరే బీఎస్‌ఆర్ పడుతుంది.

కాబట్టి ముందు లోతుల మ్యాపు తీసుకుని, ఏ లైన్లలో ఏ భాగం పనికొస్తుందో గుర్తుపెట్టుకోండి. పావుగంట పని, తర్వాత రోజులు మిగులుతాయి.

మెట్టు 2: డేటా, సాఫ్ట్‌వేర్, ఒక చిన్న గుణపాఠం

ఇండియా డేటా కావాలంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హైడ్రోకార్బన్స్ నడిపే నేషనల్ డేటా రిపాజిటరీ ఉంది, దానికి దరఖాస్తు, అనుమతి వగైరా ఉంటాయి. చేయి తిరగడానికైతే యూఎస్ జియలాజికల్ సర్వే వాళ్ల నామ్స్ ఆర్కైవ్‌లో అమెరికా తీరాల పాత సర్వేలు ఉచితంగా దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. ప్రాసెసింగ్‌కి సైస్మిక్ యునిక్స్ లేదా మడగాస్కర్, చూసి ఇంటర్‌ప్రెట్ చేయడానికి ఓపెన్‌డీటెక్ట్, పైథాన్ వచ్చినవాళ్లకి సెగ్‌వైఐఓ. వీలైతే స్టాక్ చేసిన (ట్రేసులన్నీ కలిపేసిన) సెక్షన్ ఒక్కటే కాకుండా ప్రీస్టాక్ గేదర్లు, అంటే కలపకముందు ట్రేసులు విడివిడిగా ఉన్నవి, కూడా సంపాదించండి. అవి లేకపోతే 6వ మెట్టు, 7వ మెట్టులో సగం పని జరగదు.

ఫైల్ తెరిచాక మొదట చూడాల్సింది పోలారిటీ, అంటే తిరిగొచ్చిన అల పైకి (పీక్) ఉందా, కిందికి (ట్రఫ్) ఉందా అన్నది. అమెరికన్ సంప్రదాయంలో గట్టి పొర పీక్‌గా వస్తుంది, యూరోపియన్ సంప్రదాయంలో ట్రఫ్‌గా వస్తుంది. ఫైల్ హెడర్‌లో ఏం రాసుందో నమ్మకండి. సీబెడ్‌ని చూడండి: నీళ్ల నుంచి మట్టిలోకి వెళ్లేటప్పుడు ఇంపీడెన్స్ (వేగాన్ని సాంద్రతతో గుణిస్తే వచ్చేది) పెరిగి తీరుతుంది, కాబట్టి సీబెడ్ ఏ రంగులో వస్తే అదే "పెరుగుదల" రంగు. నేను కొత్తలో ఒక లైన్ మీద పది రోజులు కూర్చున్నాను. బీఎస్‌ఆర్ ఉండాల్సిన చోట గీత ఉంది, కానీ పోలారిటీ తప్పు, కాబట్టి ఇది హైడ్రేట్ కాదని రిపోర్టు కూడా రాసేశాను. తీరా చూస్తే రెండు వేర్వేరు సర్వేల ఫైళ్లని ఎవరో కలిపేశారు, సగం లైన్ నుంచి పోలారిటీ తిరగబడి ఉంది. సీబెడ్‌ని లైన్ మొదట్లో ఒక్కచోటే చూసి వదిలేయడం నా తప్పు. అప్పట్నుంచి లైన్ పొడవునా కనీసం అయిదారు చోట్ల జూమ్ చేసి చూస్తాను.

మెట్టు 3: ప్రాసెసింగ్‌లో ఆంప్లిట్యూడ్‌ని చెడగొట్టకండి

ఇక్కడ కొత్తగా చేసేది పెద్దగా లేదు, చేయకూడనివే ఎక్కువ. ముఖ్యంగా ఏజీసీ (బలాన్ని అన్నిచోట్లా ఒకే స్థాయికి తెచ్చే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్) వేయకండి. అది మసక పొరల్ని కూడా మెరిపిస్తుంది, చూడ్డానికి సెక్షన్ బాగుంటుంది గానీ మనకి కావలసిన తేడాలన్నీ చదునైపోతాయి. వరుస ఇలా పెట్టుకోండి: జామెట్రీ సరిచూడటం, చెడిపోయిన ట్రేసులు తీసేయడం, అలల వల్ల వచ్చే లో-ఫ్రీక్వెన్సీ రొద తగ్గించడం, ఎయిర్‌గన్ బబుల్‌ని తీసేయడం, దూరం వల్ల తగ్గిన శక్తికి సవరణ, వెలాసిటీ అనాలిసిస్, ఎన్‌ఎంవో (దూరం వల్ల ఆలస్యమైన టైమ్‌కి సవరణ), స్టాక్, ఆపైన మైగ్రేషన్.

మల్టిపుల్స్ (సీబెడ్‌కీ నీటి పైభాగానికీ మధ్య ఒకటికంటే ఎక్కువసార్లు తిరిగిన అలలు) గురించి టెన్షన్ పడక్కర్లేదు. సీబెడ్ 1.4 సెకన్ల దగ్గరుంటే మొదటి మల్టిపుల్ 2.8 సెకన్ల దగ్గర వస్తుంది, మన బీఎస్‌ఆర్ 1.6 చుట్టుపక్కలే అయిపోతుంది. పైగా ఆ మల్టిపుల్ మనకి తర్వాత పనికొస్తుంది, కాబట్టి తీసేయకముందు ఒక కాపీ దాచుకోండి.

బబుల్ సంగతి మాత్రం అశ్రద్ధ చేయొద్దు. ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

మెట్టు 4: బీఎస్‌ఆర్‌ని పట్టుకోవడం, దొంగ బీఎస్‌ఆర్‌ని పట్టుకోవడం

అసలు బీఎస్‌ఆర్‌కి కొన్ని గుర్తులున్నాయి. సీబెడ్ లేస్తే అదీ లేస్తుంది, దిగితే అదీ దిగుతుంది. సీబెడ్‌కి వ్యతిరేక పోలారిటీ ఉంటుంది, ఎందుకంటే పైన కాస్త గట్టి మట్టి, కింద గ్యాస్ చేరిన మెత్తటి మట్టి, అంటే ఇంపీడెన్స్ తగ్గుతుంది. అన్నిటికంటే బలమైన సాక్ష్యం, అది మట్టి పొరల్ని అడ్డంగా కోసుకుంటూ పోవడం. పొరలు ఏటవాలుగా ఉంటే ఈ కోత కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. చిక్కేమిటంటే మన తూర్పు తీరంలో చాలాచోట్ల పొరలు కూడా సీబెడ్‌కి సమాంతరంగానే పరుచుకుని ఉంటాయి, అప్పుడు ఏది పొర, ఏది బీఎస్‌ఆర్ అన్నది తేల్చడం కష్టం. అలాంటప్పుడు మడతలు, ఫాల్టులు, పాత నదీ కాలువల అంచులు ఉన్నచోటికి లైన్ వెంట జరగండి. ఎక్కడో ఒకచోట కోత దొరుకుతుంది.

ఇక దొంగలు. మొదటి దొంగ ఎయిర్‌గన్ బబుల్. బబుల్ మళ్లీ మళ్లీ ఉబ్బడం వల్ల సీబెడ్‌కి ఒక నీడలాంటి గీత కింద పడుతుంది. అదీ సీబెడ్‌ని అచ్చుగుద్దినట్టు అనుసరిస్తుంది! పట్టుకునే కిటుకు ఒకటుంది. సీబెడ్‌కీ ఆ గీతకీ మధ్య టైమ్ తేడాని లైన్ పొడవునా కొలిచి, నీళ్ల లోతుతో గ్రాఫ్ గీయండి. బబుల్ అయితే లోతు 900 మీటర్లైనా 1500 మీటర్లైనా అదే తేడా, ఒక మిల్లీసెకను అటూ ఇటూ కాదు. అసలు బీఎస్‌ఆర్ అయితే నీళ్లు లోతెక్కేకొద్దీ పీడనం పెరిగి, నీళ్లు చల్లబడి, తేడా పెరుగుతూ పోతుంది. ఈ ఒక్క గ్రాఫ్ గీయకుండా ఎవరైనా బీఎస్‌ఆర్ అంటే నేను నమ్మను.

రెండో దొంగ ఒపాల్. డయాటమ్‌లాంటి జీవుల సిలికా కవచాలు పూడిపోయి, లోతులో వేడికి ఒపాల్-ఏ నుంచి ఒపాల్-సీటీగా మారతాయి. వేడిని బట్టి మారతాయి కాబట్టి ఆ గీత కూడా సీబెడ్‌కి సమాంతరంగానే ఉంటుంది, పొరల్ని కూడా కోస్తుంది. కానీ కింద గట్టిపడుతుంది, అంటే పోలారిటీ సీబెడ్‌లాగే ఉంటుంది. 2వ మెట్టులో పోలారిటీ కోసం అంత గొడవ చేసింది ఇందుకే.

మూడోది మామూలు పొరే. 2006 యాత్రలోనే అరేబియా సముద్రం వైపు, కేరళ-కొంకణ్ బేసిన్‌లో ఒక బావి తవ్వారు. సైస్మిక్‌లో బీఎస్‌ఆర్ అనుకున్నది ఉంది, తవ్వితే హైడ్రేట్ జాడే లేదు.

దీనికి పూర్తి వ్యతిరేకం కూడా జరిగింది. అమెరికా తూర్పు తీరానికి అవతల బ్లేక్ రిడ్జ్‌లో 1995లో ఓడీపీ (ఓషన్ డ్రిల్లింగ్ ప్రోగ్రామ్) 164వ లెగ్‌లో, అంటే 164వ యాత్రలో, తవ్వినప్పుడు, 994 సైట్‌లో బీఎస్‌ఆర్ లేదు, హైడ్రేట్ మాత్రం ఉంది. పక్కన బీఎస్‌ఆర్ బలంగా ఉన్న 997 సైట్‌లోనూ ఉంది. గీత లేదు కాబట్టి సరుకు లేదని రాయకూడదని అక్కడ తేలిపోయింది.

మెట్టు 5: వేడి లెక్కతో సరిచూసుకోవడం

గీత దొరికింది, దొంగ కాదని అనిపించింది. ఇప్పుడు అది ఫిజిక్స్‌కి లొంగుతుందో లేదో చూద్దాం. ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను, మీరు కాగితం మీద చేయండి.

సీబెడ్ 1.40 సెకన్ల దగ్గరుంది. నీళ్లలో వేగం సెకనుకి 1500 మీటర్లు, రానూపోనూ టైమ్ కాబట్టి సగం చేస్తే లోతు 1050 మీటర్లు. బీఎస్‌ఆర్ ఇంకో 0.20 సెకన్ల కింద ఉంది, మట్టిలో వేగం 1600 అనుకుంటే సీబెడ్ కింద 160 మీటర్లు. మొత్తం 1210 మీటర్లు. ఆ లోతులో నీటి పీడనం సుమారు 12.3 మెగాపాస్కల్స్.

సముద్రపు నీటిలో మీథేన్ హైడ్రేట్ ఏ వేడి దగ్గర విడిపోతుందో చెప్పడానికి 1994లో డికెన్స్, క్విన్‌బీ-హంట్ ఇచ్చిన సులువైన సూత్రం ఉంది. పీడనాన్ని మెగాపాస్కల్స్‌లో తీసుకుని 10 ఆధారంగా లాగరిథమ్ కట్టండి, దాన్ని 0.000283తో గుణించండి, వచ్చినదాన్ని 0.00379 నుంచి తీసేయండి, మిగిలినదానితో 1ని భాగిస్తే కెల్విన్లలో ఉష్ణోగ్రత. మన 12.3కి ఇది 287 కెల్విన్లు దాటి, అంటే దాదాపు 14 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. సీబెడ్ దగ్గర నీళ్లు 6.5 డిగ్రీలు అనుకుందాం. 160 మీటర్లలో ఏడున్నర డిగ్రీలు పెరిగిందంటే కిలోమీటరుకి సుమారు 47 డిగ్రీలు. కేజీ బేసిన్‌కి ఇది నమ్మదగ్గ సంఖ్యే. అదే మీకు 100 గానీ 12 గానీ వచ్చిందనుకోండి, ఆ గీత బీఎస్‌ఆర్ కాదు, లేదా మీ వేగం తప్పు, లేదా గ్యాస్‌లో మీథేన్‌తో పాటు ఇంకేదో ఉంది.

అయితే బీఎస్‌ఆర్ లోతుగా ఉన్నంత మాత్రాన కొట్టిపారేయకండి. అండమాన్ దగ్గర 17వ సైట్‌లో సీబెడ్ కింద 600 మీటర్లకి పైగా లోతులో ఉంది, ఎందుకంటే అక్కడ భూమి వేడి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అగ్నిపర్వతపు బూడిద పొరల్లో హైడ్రేట్ దొరికింది కూడా.

మెట్టు 6: వేగం (ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు)

స్వచ్ఛమైన హైడ్రేట్‌లో పీ-తరంగం సెకనుకి దాదాపు 3700 మీటర్ల వేగంతో పోతుంది. నీళ్లు నిండిన మెత్తటి మట్టిలో 1500 నుంచి 1700. కాబట్టి హైడ్రేట్ చేరితే వేగం పెరగాలి, కింద గ్యాస్ చేరితే ఒక్కసారి పడిపోవాలి, నీటి వేగంకంటే కిందికి కూడా. ఈ ఎక్కి-దిగే ఆకారమే మనం వెతికేది.

మామూలుగా సెంబ్లెన్స్ ప్యానెల్ (ఏ వేగం ఎంత బాగా కుదురుతుందో చూపే పటం) మీద వేగాలు పిక్ చేసి, డిక్స్ సూత్రంతో పొరల వేగం తీస్తాం. పై ఉదాహరణే తీసుకోండి. సీబెడ్ దాకా 1500, బీఎస్‌ఆర్ దాకా ఆర్‌ఎంఎస్ వేగం (పైనుంచి అక్కడిదాకా ఒక రకం సగటు) 1513 అని పిక్ చేస్తే మధ్య మట్టి వేగం 1601 వస్తుంది. ఇప్పుడు చెయ్యి కాస్త వణికి 1523 అని పిక్ చేశారనుకోండి. ప్యానెల్ మీద అది కంటికి కనిపించని తేడా. మధ్య మట్టి వేగం 1675 అయిపోతుంది! పది మీటర్ల పొరపాటు డెబ్బై నాలుగు అయింది. కేజీ బంకమట్టిలో ఓ మోస్తరు హైడ్రేట్ తెచ్చే పెరుగుదల కూడా అటూ ఇటుగా ఇంతే. అంటే హైడ్రేట్‌ని కనిపెట్టామో, మన మౌస్ క్లిక్‌ని కనిపెట్టామో తెలియదు.

అందుకే డిక్స్‌తో వచ్చినదాన్ని మొదటి అంచనాగానే వాడండి. పక్కపక్క గేదర్లలో ఒకే తీరు కనిపిస్తోందా చూడండి, సన్నపు పొరలకి విడివిడిగా వేగం పిక్ చేయకండి. తర్వాత ట్రావెల్‌టైమ్ టోమోగ్రఫీ, ఓపికా కంప్యూటరూ ఉంటే ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్. సముద్రపు అడుగున పెట్టే సైస్మోమీటర్లు, ఓబీఎస్‌లంటారు, ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఎస్-తరంగాలూ దొరుకుతాయి. హైడ్రేట్ మట్టి రేణువుల్ని బిగిస్తే పీ, ఎస్ రెండు వేగాలూ పెరుగుతాయి. గ్యాస్ మాత్రం పీ వేగాన్ని పడగొడుతుంది, ఎస్‌ని పెద్దగా కదిలించదు. కేజీ, మహానది బేసిన్లలో ఇలాంటి ఓబీఎస్ డేటా మీద హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ (నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లు బాగా పని చేశారు. కళాచంద్ సైన్ బృందం పేపర్లు వెతికి చదవండి, మన నేల డేటాతో నేర్చుకోవడం వేరు.

మెట్టు 7: ఆంప్లిట్యూడ్

దాచుకున్న మల్టిపుల్‌ని ఇప్పుడు తీయండి. సీబెడ్ నుంచి ఒకసారి తిరిగొచ్చిన అల బలం, రెండుసార్లు తిరిగొచ్చిన మల్టిపుల్ బలం, ఈ రెండిటి నిష్పత్తి నుంచి సీబెడ్ రిఫ్లెక్షన్ కోఎఫిషియంట్ వస్తుంది. దూరానికి సవరణ చేయని డేటాలో మల్టిపుల్ రెట్టింపు దూరం పోయింది కాబట్టి నిష్పత్తిని రెండుతో గుణించాలి, సవరణ చేసి ఉంటే అక్కర్లేదు. సవరణ చేయని డేటాలో మల్టిపుల్ పదో వంతు ఉందంటే సీబెడ్ కోఎఫిషియంట్ 0.2. బీఎస్‌ఆర్ బలం సీబెడ్‌లో నలభై శాతం ఉండి, పోలారిటీ వ్యతిరేకమైతే, సుమారు మైనస్ 0.08.

అది ఎక్కువా తక్కువా? పైన వేగం 1750, సాంద్రత 1.85, కింద వేగం 1450, సాంద్రత 1.83 పెట్టి లెక్క కడితే మైనస్ 0.1 వస్తుంది. గమనించండి, కింద వేగం అంతగా పడడానికి రంధ్రాల్లో ఒకటి రెండు శాతం గ్యాస్ బుడగలు చాలు. కాబట్టి మెరిసే బీఎస్‌ఆర్ కింద పెద్ద గ్యాస్ నిల్వ ఉందని కూడా అనకండి.

గేదర్లు ఉంటే ఏవీఓ (ఆఫ్‌సెట్, అంటే ఎయిర్‌గన్‌కీ రిసీవర్‌కీ మధ్య దూరం, మారేకొద్దీ ఆంప్లిట్యూడ్ ఎలా మారుతుందో) చూడండి: దూరం పెరిగేకొద్దీ నెగటివ్ ఆంప్లిట్యూడ్ ఇంకా నెగటివ్ అయితే కింద స్వేచ్ఛగా గ్యాస్ ఉందనడానికి బలం పెరుగుతుంది. 1200 మీటర్ల లోతు లక్ష్యానికి 30 డిగ్రీల కోణం కావాలంటే దాదాపు 1400 మీటర్ల ఆఫ్‌సెట్ కావాలి. పాత పొట్టి స్ట్రీమర్ (ఓడ వెనక లాగే రిసీవర్ల కేబుల్) డేటాతో ఏవీఓ చేశామని ఎవరైనా చెప్తే ముందు స్ట్రీమర్ పొడవు అడగండి.

మెట్టు 8: గీత వదిలేసి పైకి చూడండి

అసలు సరుకు బీఎస్‌ఆర్ పైన ఉంటుంది. ఇక్కడ మూడు వెతకాలి.

ఒకటి, నిట్టనిలువు చిమ్నీలు, ఫాల్టులు. గ్యాస్ కింద నుంచి పైకి రావడానికి దారి కావాలి కదా. 10వ సైట్‌లో హైడ్రేట్ బంకమట్టి పగుళ్లలో నరాల్లాగా నిండి ఉంది. కోర్లలో తెల్లటి ఈనెలు, ముద్దలు. ఇలాంటి చోట్ల సైస్మిక్‌లో పొరలు మసకబారి, చెదిరినట్టు కనిపిస్తాయి.

రెండు, ఇసుక. గ్యాస్ తీయాలనే ఉద్దేశం ఉంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే ఇసుక రేణువుల మధ్య హైడ్రేట్ బాగా నిండుతుంది, తర్వాత గ్యాస్ కదలడానికీ దారి ఉంటుంది. బంకమట్టిలో అది కుదరదు. అందుకే 2015లో జపాన్ ఓడ చిక్యూతో చేసిన రెండో యాత్రలో ఇసుక దొరికే పాత కాలువలు, ఫ్యాన్‌లే ప్రధాన లక్ష్యం, అవి దొరికాయి కూడా. సైస్మిక్‌లో మీరు చూడాల్సింది, ఒక పొర బీఎస్‌ఆర్ కింద నెగటివ్‌గా మెరుస్తూ వచ్చి, బీఎస్‌ఆర్‌ని దాటి పైకి రాగానే పాజిటివ్‌గా మారడం. కింద గ్యాస్ ఉన్న ఇసుక, పైన హైడ్రేట్ ఉన్న అదే ఇసుక. ఈ రంగు మార్పు ఒక్కటి కనిపిస్తే నాకు పది బీఎస్‌ఆర్‌ల పెట్టు.

మూడోది బ్లాంకింగ్, అంటే గీత పైన సెక్షన్ వెలవెలబోవడం. పుస్తకాల్లో దీన్ని గట్టి గుర్తుగా రాస్తారు, నాకు అంత నమ్మకం లేదు. ఒకే రకం బురద మందంగా పడినా అలాగే ఉంటుంది.

రిజల్యూషన్ హద్దు మర్చిపోకండి. 50 హెర్ట్జ్, 1600 వేగం అంటే తరంగ దైర్ఘ్యం 32 మీటర్లు, అందులో పావు 8 మీటర్లు. అంతకంటే సన్నటి ఇసుక పొర ఉన్నా దాని పైభాగం, కింది భాగం విడివిడిగా కనిపించవు.

మెట్టు 9: ఎంత ఉందో చెప్పే ముందు

వేగం నుంచి శాతానికి వెళ్లడానికి రాక్ ఫిజిక్స్ మోడల్ కావాలి. ముందు హైడ్రేట్ లేని మట్టికి ఆ లోతులో వేగం ఎంతుండాలో ఒక బేస్‌లైన్ గీయండి, దగ్గర్లో బావి ఉంటే దాని లాగ్ నుంచి, లేకపోతే అదే లైన్‌లో ఏ గుర్తులూ లేని ప్రశాంతమైన చోటు నుంచి. మీరు కొలిచిన వేగం దానికంటే ఎంత ఎక్కువుందో చూసి, దాన్ని మోడల్‌తో హైడ్రేట్ వాటాగా మార్చండి.

కానీ హైడ్రేట్ రేణువుల మధ్య ఉందా, పగుళ్లలో ఉందా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. 10వ సైట్‌లో రెజిస్టివిటీ (విద్యుత్ నిరోధం) లాగ్ మీద మామూలు ఆర్చీ సూత్రం (నిరోధాన్ని బట్టి రంధ్రాల్లో నీళ్లెంతో చెప్పేది) వేస్తే హైడ్రేట్ విపరీతంగా ఉన్నట్టు వచ్చింది, ప్రెషర్ కోర్లు (లోపలి పీడనం పోకుండా తీసిన మట్టి నమూనాలు) పైకి తెచ్చి కొలిస్తే చాలా తక్కువ. పగుళ్లు నిలువుగా ఉండటంతో ఒక దిక్కులో ఒకలా, ఇంకో దిక్కులో ఇంకోలా కొలత వస్తుంది, సూత్రమేమో అన్ని దిక్కులూ ఒకటే అనుకుంటుంది. సైస్మిక్ వేగానికీ ఇదే చిక్కు. కాబట్టి మీ రిపోర్టులో ఒకే అంకె కాకుండా, రేణువుల మోడల్‌తో ఎంత, పగుళ్ల మోడల్‌తో ఎంత అని రెండూ రాయండి, పక్కనే 6వ మెట్టులో చూసిన పిక్ పొరపాటు ఎంత తేడా తెస్తుందో కూడా. డ్రిల్లింగ్ చోటు ఎంచుకునేవాళ్లు ముందు చూసేది ఆ పేజీయే.